హైస్కూళ్లలో మత బోధన: మేమడిగేది ఒక కాగితం, ఒక పాఠం

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వారికి, గుర్తింపు పొందిన ప్రైవేటు, ఎయిడెడ్ ఉన్నత పాఠశాలల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన స్కూల్ అసిస్టెంట్‌ని. ఇది నా ఒక్కడి మాట కాదు. మా పట్టణంలో వేర్వేరు ప్రైవేటు హైస్కూళ్లలో పిల్లల్ని చదివించుకుంటున్న కొందరు తల్లిదండ్రులు తమ ఇబ్బంది కాగితం మీద పెట్టమని నా దగ్గరికి వచ్చారు. స్కూళ్లకు రాశాం, పై కార్యాలయానికి రాశాం. అర్జీల మీద రసీదు ముద్ర పడింది. అంతే. మళ్లీ వెళ్లి అడిగితే "మతం విషయం కదా మాస్టారూ, ముట్టుకోకపోవడమే మంచిది" అన్నారు. ముట్టుకోకుండా వదిలేస్తే పిల్లలకు ఏం జరుగుతోందో చెప్పడానికే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏ ఒక్క మతం వారు నడిపే స్కూళ్ల మీదా ఈ ఫిర్యాదు కాదు. నా దగ్గరికి వచ్చిన వారిలో ఒకామె ముస్లిం. బట్టలు కుడుతుంది. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. నైతిక విద్య పీరియడ్‌లో ఆ అమ్మాయి స్తోత్రాలు బట్టీపట్టి అప్పజెప్పాలి. లేకపోతే ఇంటర్నల్ మార్కులు పోతాయి. ఇంకొకాయన ఆటో నడుపుతాడు, హిందూ బీసీ కుటుంబం. కొడుకు చదివే స్కూల్లో మోరల్ సైన్స్ పీరియడ్ వారానికోసారి బైబిల్ తరగతిగా మారిపోతుంది, నెలకోసారి అందరినీ చాపెల్‌కి, అంటే స్కూలు ప్రార్థనా మందిరానికి తీసుకెళ్తారు. ఇద్దరూ వెళ్లి మర్యాదగానే అడిగారు. "ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి" అన్నది ఇద్దరికీ వచ్చిన జవాబు. ఆ రెండు యాజమాన్యాలకూ ఒకరి పొడ ఒకరికి గిట్టదు గానీ, ఈ విషయంలో మాత్రం మాట కూడా తేడా రాలేదు.

చట్టం ఏమంటోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ లేఖ తల్లిదండ్రులూ చదువుతారు కాబట్టి చెబుతాను. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండకూడదు. ధర్మనిధి లేదా ట్రస్టు షరతు వల్ల మత బోధన తప్పనిసరై, ప్రభుత్వ నిర్వహణలో ఉన్న సంస్థలకు మాత్రం మినహాయింపు ఉంది. మాకు కావలసింది మూడో క్లాజు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలైనా, ప్రభుత్వ సాయం పొందే స్కూలైనా, మైనర్ అయిన విద్యార్థిని తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి లేకుండా మత బోధనలో పాల్గొనమని గానీ, మతారాధనకు హాజరుకమ్మని గానీ బలవంతపెట్టకూడదు. 30వ అధికరణం కింద మైనారిటీలు నడుపుకునే స్కూళ్లకూ ఇదే వర్తిస్తుంది. తమ మతం చెప్పుకునే హక్కు వారికి ఉంది. వద్దన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడే మీ బాధ్యత మొదలవుతుంది. గుర్తింపు ఇచ్చేది మీరు, రెన్యూవల్ చేసేది మీరు. ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతారు, శానిటరీ సర్టిఫికెట్ అడుగుతారు, ఆటస్థలం ఎంతుందో అడుగుతారు. మత బోధనకు తల్లిదండ్రులు ఇచ్చిన సమ్మతి పత్రాలేవీ అని అడిగిన ఇన్‌స్పెక్షన్ గురించి నా సర్వీసులో నేను వినలేదు. అడ్మిషన్ ఫారం చివర "స్కూలు నియమాలన్నీ పాటిస్తాం" అని సన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. దాన్నే సమ్మతి అంటున్నారు. తల్లి ఆ సంతకం పెట్టేది ఫీజు గురించీ, యూనిఫాం గురించీ అనుకుని.

యాజమాన్యాలు ఇంకో మాట అంటాయి: "మా పద్ధతి తెలిసే కదా చేర్పించారు?" చిన్న పట్టణంలో ఇంగ్లిష్ మీడియం హైస్కూలు నాలుగో ఐదో ఉంటాయి. వాటిలో ఇంటి ముందుకు వ్యాన్ వచ్చేవి, ఫీజు వాయిదాల్లో కట్టనిచ్చేవి ఇంకా తక్కువ. వ్యాన్ వచ్చే స్కూలుకి పంపడం మతారాధనకు ఒప్పుకోవడం ఎలా అవుతుంది?

రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో ఈ అధికరణం మీద చర్చ జరిగినప్పుడు డాక్టర్ అంబేడ్కర్ చూపిన కారణాలు ఇవాళ్టికీ పనికొస్తాయి. పన్ను అందరూ కడుతుంటే ఆ డబ్బుతో ఒక మతం చెప్పడం న్యాయం కాదన్నారు. ఇన్ని మతాలున్న చోట బడి ఏ మతాన్నని చెబుతుందని అడిగారు. తమది మాత్రమే సత్యమని చెప్పే మతాలను బడిలోకి తెస్తే తగాదాలూ వస్తాయన్నారు. 1986లో కేరళ నుంచి ముగ్గురు పిల్లల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, తమ విశ్వాసం కారణంగా పాడేవాళ్లు కాదు. స్కూలు నుంచి తీసేశారు. కోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో పెద్ద మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయగీతం విషయంలోనే పిల్లల అంతరాత్మను అంతగా గౌరవించిన దేశంలో, స్తోత్రం అప్పజెప్పలేదని, ప్రార్థనకు రాలేదని మార్కులు తీసేస్తుంటే అడిగేవాళ్లు లేరు.

ఇక ఈ నిర్లక్ష్యం మామూలు ఇళ్లలో ఎలా తగులుతోందో వరసగా చెబుతాను.

1. పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందు హాల్ టికెట్లను కొన్ని స్కూళ్లలో సరస్వతి పటం ముందు పెట్టి పూజ చేసి ఇస్తారు. కొన్ని స్కూళ్లలో ఫాదర్ ప్రార్థన చేసి, ఆశీర్వదించి ఇస్తారు. చేసేవారి ఉద్దేశం మంచిదే, కాదనను. పిల్లల టెన్షన్ తగ్గించాలనే. కానీ హాల్ టికెట్ ప్రభుత్వ పత్రం. అది పూజలోనో ప్రార్థనలోనో మాత్రమే చేతికొస్తుందంటే, రానని చెప్పే ధైర్యం ఏ పదహారేళ్ల పిల్లకు ఉంటుంది?

2. ఈ రెండోది చాలామంది అధికారుల దృష్టికి రానిది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. "సరే, ఏ మతం పిల్లలకు ఆ మతం చెబుదాం, క్లాసును విడదీద్దాం" అని ఒక హెచ్‌ఎం మంచి మనసుతోనే అన్నారు. రిజిస్టర్‌లో మతం కాలమ్ చూసి విడదీస్తారట. ఆ కాలమ్‌లో ఉన్నది చాలా ఇళ్లలో నిజం కాదు, అబద్ధమూ కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి మారిన దళితులు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు, ఆ కోటా ఒక్క శాతం. కాబట్టి ఆదివారం చర్చికి వెళ్లే ఎన్నో దళిత కుటుంబాల పిల్లలు రిజిస్టర్‌లో హిందువులే. ఆ పిల్లవాణ్ణి "నువ్వు ఏ గదిలోకి?" అని నలుగురిలో అడిగితే, అది మత ప్రశ్న కాదు, వాడి స్కాలర్‌షిప్ గురించీ హాస్టల్ సీటు గురించీ వేసిన ప్రశ్న. ఒక తల్లి నాతో అన్నది ఇదే: "మా వాడు ఏ గదిలోకి పోయినా మాకే నష్టం సార్." పిల్లల్ని మతం వారీగా విడదీసే ఏ పథకమైనా ముందుగా దెబ్బతీసేది వీళ్లనే. మేమడిగే కాగితంలో మతం కాలమ్ ఎందుకు ఉండకూడదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

3. ఆదిలాబాద్ వైపు గోండు పిల్లలు ఏ గదిలోకి వెళ్లాలి? కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం వారు చేసే పూజ ఈ రెండు రకాల మోరల్ సైన్స్ పుస్తకాల్లోనూ లేదు. ఆ పిల్లలకు తమ దేవుడు పుస్తకంలో చోటు లేనివాడని ప్రతి వారం తెలిసొస్తుంది.

4. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చాక విలువల విద్యను సహపాఠ్య అంశంగా చేసి పదో తరగతి మార్కుల మెమోలో దానికి గ్రేడ్ పెట్టారు. ఆ పీరియడ్ లెక్కల మాస్టారికి పోతుంది, లేదా స్లిప్ టెస్టుకు పోతుంది. గ్రేడ్ మాత్రం పడుతుంది. ఏం చూసి వేస్తున్నామో వేసే మాకే తెలియదు. చెప్పని విలువలకు మార్కులు వేయడం ఏ విలువ కిందికి వస్తుందో!

5. ప్రభుత్వ బడిలో పరిస్థితి వేరు. మా దగ్గర మతం బలవంతంగా రుద్దడం కంటే, మతం పేరెత్తడానికి భయం ఎక్కువ. సోషల్ పుస్తకంలో ఎక్కువగా బౌద్ధం అశోకుడితో వస్తుంది, ఇస్లాం సుల్తానులతో వస్తుంది, క్రైస్తవం ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలతో వస్తుంది. అంటే మతమంటే ఒక రాజుగారి వెనకాల వచ్చే సైన్యం అన్నట్టు పిల్లలకు చేరుతుంది. పక్కింటివాళ్లు రంజాన్ ఉపవాసం ఎందుకుంటారు, లెంట్ అంటే ఏమిటి, కార్తీక సోమవారం ఏం చేస్తారు, జైనులు రాత్రి భోజనం ఎందుకు మానేస్తారు, దేవుణ్ణి నమ్మనివారు మంచీ చెడూ ఎలా తేల్చుకుంటారు, ఇలాంటివాటికి చోటు చాలా తక్కువ. ఇస్లాం పాఠం వచ్చిన రోజు క్లాసులో తలలన్నీ ఒకేసారి ఒక పిల్లాడి వైపు తిరుగుతాయి. ఆ పిల్లాడు పుస్తకంలో తల దూర్చేస్తాడు. టీచర్ రెండు పేరాలు గబగబా చదివించి "ముఖ్యమైన ప్రశ్నలు అండర్‌లైన్ చేసుకోండి" అని బయటపడతాడు. ఒక పిల్ల ఏదో అడిగితే, సాయంత్రానికి సగం ప్రశ్న, సగం జవాబు ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. మర్నాడు స్టాఫ్‌రూమ్‌కి ఎవరొస్తారో తెలియదు. చెప్పడానికి శిక్షణ లేదు, చెబితే వెనక నిలబడేవాళ్లు లేరు. ఇంతలో పిల్లలు మతం గురించి నేర్చుకోవడం ఆగలేదు. ఫోన్లో ముప్పై సెకన్ల రీళ్లలో, పక్క మతం మీద కోపం నేర్పే భాషలో నేర్చుకుంటున్నారు.

6. దీక్షా కాలం వస్తే ప్రతి ఏడాదీ ఇదే గొడవ. మాల వేసుకున్న పిల్లాణ్ణి యూనిఫాం లేదని గేటు దగ్గర ఆపుతారు, తండ్రి ఫోన్ చేస్తాడు, తండ్రి కంటే ముందు ఊళ్లో ఇంకెవరో వస్తారు. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో ఒక మిషనరీ స్కూలు మీద దాడి హనుమాన్ దీక్ష దుస్తుల వివాదంతోనే జరిగింది. అద్దాలు పగిలిన స్కూల్లో చదువుకునేది ఆ ఊరి పిల్లలే. దీక్షలో ఉన్న పిల్లాడికి ఎన్ని రోజులు, ఏ మేరకు మినహాయింపు, స్కార్ఫ్ కట్టుకునే పిల్లకు ఏ రంగు, ఎవరిని అడగాలి అన్నది అన్ని స్కూళ్లకూ ఒకేలా వర్తించే ఒక పేజీ నియమం ఉంటే, ఆ గేటు దగ్గర మాట్లాడుకోవడానికి ఒక కాగితమన్నా ఉండేది.

మా హేతువాద మిత్రులు కొందరు "అసలు బడిలో మతం ఊసే వద్దు" అంటారు. వారి భయం నాకు తెలుసు. పాఠం పేరుతో ప్రచారం దూరుతుందని. ఆ ప్రమాదం నిజమే. కానీ రాజ్యాంగం వద్దన్నది మత బోధనను. మతాల గురించి చెప్పడాన్ని కాదు. ఈ తేడాను 1966లో కొఠారి కమిషన్ (జాతీయ విద్యా కమిషన్) నివేదిక స్పష్టంగా రాసింది. ప్రధాన మతాల గురించి ఎంచి కూర్చిన సమాచారాన్ని పౌరవిద్యలో భాగంగా అందరికీ చెప్పమంది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువు చెప్పడం 28వ అధికరణానికి విరుద్ధం కాదన్నది. అంతకుముందే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ డిగ్రీ మొదటి ఏడాదిలో బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానకు, గాంధీ వంటి వారి జీవితాలు చదివించమని చెప్పింది. ఇవన్నీ బీరువాల్లో ఉన్నాయి. మనం మాత్రం ఒక చోట బలవంతం, ఇంకో చోట మౌనం.

ఇప్పుడు మా డిమాండ్లు. కొత్త చట్టం అక్కర్లేదు, సర్క్యులర్లు చాలు.

మొదటిది, ఆ కాగితం. గుర్తింపు ఉన్న ప్రతి హైస్కూల్లో అడ్మిషన్‌కి వేరుగా, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో ఒక పేజీ సమ్మతి పత్రం ఇవ్వాలి. ఈ స్కూల్లో ఏ మత బోధన, ఏ ఆరాధన, వారంలో ఏ పీరియడ్‌లో జరుగుతుందో యాజమాన్యం అందులో రాయాలి. కింద తల్లిదండ్రులకు రెండే గడులు: సమ్మతమే, సమ్మతం కాదు. మీ మతం ఏమిటని గానీ, ఎందుకు వద్దని గానీ అడగకూడదు. ఏడాది మధ్యలో మనసు మారితే మార్చుకోనివ్వాలి. సంతకం లేకపోతే సమ్మతం కాదనే లెక్క. రెన్యూవల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ ఫైలు చూడాలి.

వద్దన్న పిల్లవాణ్ణి వరండాలో నిలబెడితే అది శిక్షే అవుతుంది. ఆ పీరియడ్‌లో లైబ్రరీ గానీ, స్టడీ అవర్ గానీ ఒక టీచర్ పర్యవేక్షణలో ఉండాలి. మార్కులు, అటెండెన్సు, హాల్ టికెట్, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్, వీటిలో దేన్నీ మత కార్యక్రమంతో ముడిపెట్టకూడదు. హాల్ టికెట్లు ఆఫీసు గదిలో ఇవ్వండి. పూజ, ప్రార్థన కావాలనుకునేవారికి ఆ తర్వాత వేరేగా పెట్టుకోండి.

రెండోది, ఆ పాఠం. ఎనిమిది, తొమ్మిది తరగతుల సోషల్‌లో మన చుట్టూ ఉన్న విశ్వాసాల మీద ఒక యూనిట్ పెట్టండి. అందరూ ఒకే గదిలో కూర్చుని చదివేది. ఉదాహరణలకు ఎక్కడికో పోనక్కర్లేదు. ఫణిగిరి బౌద్ధ స్తూపం, కొలనుపాక జైన మందిరం, అలంపురం గుళ్లు, మక్కా మసీదు, 1924లో ఆరాధనకు తెరిచిన మెదక్ చర్చి, నాగోబా, మేడారం, అన్నీ ఒక రోజు బస్సు ప్రయాణంలో ఉన్నవే. పీర్ల పండుగ ఒక్కటి చాలు. హిందువులు పీరు ఎత్తుకునే ఊళ్లు ఎన్నో ఉన్న జిల్లాల్లో, ఆ పండుగ ఎవరిదో చెప్పమని పిల్లల్నే ఇంట్లో అడిగి రమ్మనవచ్చు. నమ్మనివారి ఆలోచనకూ అందులో చోటుండాలి. కులం ఊసు లేకుండా మతం చెప్పడం కుదరదు, కాబట్టి అదీ ఉండాలి. పాఠం రాసే సంఘంలో ఒకే మతం వారు గానీ, ఒకే కులం వారు గానీ నిండిపోకూడదు. ముసాయిదాను అచ్చుకు ముందు అందరి ముందూ పెట్టండి. అభ్యంతరాలు వస్తాయి, రానివ్వండి. క్లాసులో టీచర్ ఒంటరిగా ఎదుర్కోవడం కంటే ముసాయిదా దగ్గరే తేలడం నయం.

ఆ యూనిట్ చెప్పబోయే సోషల్ టీచర్లకు శిక్షణ ఇవ్వండి. ఒక రోజు ప్రొజెక్టర్ వేసి, భోజనం పెట్టి పంపే శిక్షణ కాదు. పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్నలను ముందే పోగుచేసి, వాటికి ఎలా జవాబివ్వాలో కలిసి సాధన చేసే శిక్షణ. పాఠ్యపుస్తకంలో ఉన్నది పద్ధతిగా చెప్పిన టీచర్ మీద ఎవరైనా గొడవకు వస్తే శాఖ ముందుగా విచారణ చేయాలి, ముందుగా ఆ టీచర్‌కు సంజాయిషీ మెమో ఇవ్వకూడదు.

విలువల విద్యకు మెమోలో వేసే గ్రేడ్ తీసేయండి, లేదా దానికి నిజంగా పీరియడ్, సిలబస్ ఇవ్వండి. దీక్షా దుస్తులు, స్కార్ఫుల మీద నేను పైన రాసిన ఒక పేజీ నియమం విడుదల చేయండి.

చివరగా అర్జీల సంగతి. సమ్మతి లేని మత బోధన మీద తల్లిదండ్రులు మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఫిర్యాదు ఇస్తే 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. జవాబు "కుదరదు" అయినా సరే, కారణంతో సహా కాగితం మీద ఉండాలి. ఫిర్యాదు చేసినవారి పిల్లలు అదే స్కూల్లో చదువుకోవాలి కాబట్టి వారి పేర్లు స్కూలుకు చెప్పకూడదు. ఈ లేఖలో నేను ఏ స్కూలు పేరూ, ఏ తల్లి పేరూ రాయకపోవడానికి కారణం కూడా అదే. విచారణకు ఒక అధికారిని నియమిస్తే వివరాలన్నీ ఆయన ముందు పెడతాం.

బడులు జూన్‌లో తెరుచుకుంటాయి. ప్రైవేటు స్కూళ్లు అంతకు చాలా ముందే అడ్మిషన్ ఫారాలు అచ్చేయిస్తాయి. సమ్మతి పత్రం సర్క్యులర్ ఆలోగా రాకపోతే ఇంకో ఏడాది పిల్లలు ఆ సన్న అక్షరాల లైను కిందే చేరతారు. మీ పని తేలిక చేయడానికి పత్రం నమూనా మూడు భాషల్లో తయారుచేసి ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాం. మార్పులు చేసుకోండి, మాకు అభ్యంతరం లేదు. మతం కాలమ్ మాత్రం చేర్చకండి.

ఇట్లు,
తల్లిదండ్రుల తరఫున,
ఒక రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్ (సోషల్)